ఎవరి పెళ్ళిలోనూ మోగని పాట

బద్రా పాట పెట్టిందంటే కూర్చున్నవాళ్ళు లేవాల్సిందే. ఒరాన్ ఊళ్ళో ఆడపిల్ల పెళ్ళి చేసిన ఏ తల్లిని అడిగినా ఈ మాట చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది. అయిన్ తుర్క్ బీచి రోడ్డు మీద ఉన్న మర్జాన్ క్లబ్బు రాత్రిళ్ళు మగవాళ్ళది. వాళ్ళ పొగ, వాళ్ళ గోల, వాళ్ళ డీజే వాళ్ళకే. వేసవి శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రం అది ఆడవాళ్ళది. లోపల మగపురుగన్నది లేకుండా చూసుకుని, కిటికీలకు తెరలు దించి, పెళ్ళికూతుర్ని తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారంటే ఇక ఆ పూటకు రాజ్యం బద్రాదే.

ఆమె విద్యలో పెద్ద రహస్యమేమీ లేదు. అందరికీ తెలిసిన పాటలు, అందరికీ తెలిసిన వరసలో వేస్తుంది. పెళ్ళికూతురు ముత్యాల బరువుతో తిలిమ్సాన్ షెద్దా కట్టుకుని బయటికి రావడానికి ఒక పాట. పూసలు కుట్టిన ఒరాన్ బ్లూజా గౌనుకు ఒక పాట. అల్జీర్స్ జరీ కోటుకు ఒకటి, కొండప్రాంతపు చారల గౌనుకు ఒకటి. పెళ్ళికూతురు ఊరికో బట్ట చొప్పున మార్చుకుంటూ వస్తుంటే, తలుపు తెరవకముందే హాల్లో ముసలమ్మలు పాట విని "ఇప్పుడు బ్లూజా" అని చెప్పేస్తారు. అది నిజం కాగానే సోది చెప్పినంత గర్వపడతారు. పెళ్ళికొచ్చిన మనిషి పరీక్ష రాయడానికి రాలేదు కదా, ఆ మాత్రం ఆనందం ఉండొద్దూ?

క్లబ్బు యజమాని సీ కద్దూర్‌దీ అదే మాట. "కొత్త పాటలు ఇంటి దగ్గర వినమను. ఇక్కడికొచ్చేది కాళ్ళు గుర్తుపట్టే పాటకి" అంటాడు. ఆడవాళ్ళ పూట ఆయన పైకి అడుగు పెట్టకూడదు. కింద, సరిగ్గా నాట్యం చేసే నేల అడుగున, తన ఆఫీసు గదిలో కూర్చుని కప్పు మీది ట్యూబులైటు వంక చూస్తుంటాడు. అది వణుకుతున్నంతసేపూ ఆయన కాఫీ తాగుతాడు. వణకడం ఆగిందా, బద్రాకు ఫోను కొడతాడు.

కానీ బద్రాకు ఇంకో బతుకుంది. వంటింట్లో, పొయ్యి పక్కన బల్ల మీద, పాత ల్యాప్‌టాప్‌లో ఆమె సొంతంగా పాటలు కడుతుంది. చప్పట్లు తనవే, గొంతు తనదే. పోయిన వేసవిలో ఒక పెళ్ళిలో గుండె చిక్కబట్టుకుని రెండు తెలిసిన పాటల మధ్య తన పాట ఒకటి దూర్చింది. ఆడుతున్నవాళ్ళంతా ఒక్కసారిగా కుర్చీలు వెతుక్కున్నారు. మంచినీళ్ళు తాగారు, విసురుకున్నారు, ఒకావిడైతే నమాజు వేళయిందేమో చూడమంది. కింద ట్యూబులైటు ఆగిపోయింది. "ఇంకోసారి ఇలాంటిది వేశావంటే శుక్రవారాలు సూసూకి ఇచ్చేస్తాను" అన్నాడు సీ కద్దూర్. సూసూ అంటే ఊరవతలి హాల్లో డీజే. బద్రా పెట్టే పాటలే బద్రా పెట్టిన వారం తర్వాత పెట్టే మనిషి. ఆ పేరు వినగానే బద్రా తన పాటల్ని ల్యాప్‌టాప్ అడుగున తొక్కేసింది. చాలా సిగ్గుపడింది, చాలా కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో మాత్రం తేల్చుకోలేకపోయింది.

ఆ శుక్రవారం పెళ్ళి గంబెట్టా పేటలో ఉండే ఖైరా కూతురిది. ఖైరా హాలు మాట్లాడుకున్నది ఫోనులో, సీ కద్దూర్‌తో. పిల్ల ఎవరు, ఏమిటన్నది బద్రా అడగలేదు. రంగులు పూశాక పెళ్ళికూతుళ్ళంతా ఆమెకు ఒక్కలాగే కనిపిస్తారు. పెళ్ళికొడుకు వాళ్ళు తిలిమ్సాన్ నుంచి బస్సు వేసుకుని వచ్చారు. ముందు వరసలో పెళ్ళికొడుకు ఘౌతీ తల్లి హాజ్జా సెత్తీ కూర్చుంది. నడుం నిటారుగా, చేతులు ఒళ్ళో, ముందున్న కేకు ముక్క ముట్టకుండా. ఆవిడ వెనక తిలిమ్సాన్ ఆడవాళ్ళంతా అలాగే ముట్టకుండా కూర్చున్నారు. ఎదుటి బల్లల దగ్గర ఒరాన్ వాళ్ళు మాత్రం మక్రూట్ మిఠాయిల పళ్ళేలు ఖాళీ చేస్తూ చెవులు కొరుక్కుంటున్నారు.

బద్రా మామూలుగానే షెద్దా పాట పెట్టింది. హాలంతా నాలుకలాడిస్తూ యూయూ అని కూతలు పెట్టింది. తలుపు తెరుచుకుంది.

ఎవరూ రాలేదు.

పాట చరణంలోకి వెళ్ళింది. తలుపు మళ్ళీ మూసుకుంది. కూతలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బద్రా పల్లవిని వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. తలుపు కదల్లేదు. గుసగుసలు పైకి తేలాయి. హాజ్జా సెత్తీ తల తిప్పి చూడలేదు గానీ కనుబొమ్మ ఒకటి లేచింది. బద్రా పల్లవి దానంతటదే తిరిగేలా పెట్టి, పక్క దారిన అలంకరణ గదికి పరుగెత్తింది.

పెళ్ళికూతురు నిలబడే ఉంది. మెడ నుంచి నడుం దాకా ముత్యాలు, నెత్తిన మొనదేలిన జరీ టోపీ. అలంకరించే మనిషి ఆమె మోచెయ్యి పట్టుకుని బతిమాలుతోంది. తల్లి ఖైరా గోడకు ఆనుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏమైంది? బిగుతుగా ఉందా? ఊపిరాడట్లేదా?" అంది బద్రా.

"బట్ట బానే ఉంది. నీ పాటకే ఊపిరాడట్లేదు" అంది పెళ్ళికూతురు. "నన్ను గుర్తుపట్టలేదా బద్రా? వసీలాని. ఇదే తలుపు. ఇదే పాట. అప్పుడూ పెట్టింది నువ్వే."

బద్రా ఆమె ముఖంలోకి వంగి చూసింది. ముఖం గుర్తు రాలేదు, పేరు వచ్చింది. ఆ పెళ్ళి గురించి ఊరంతా నెలల తరబడి చెప్పుకుంది. మొస్తగానెమ్ ఊరి సంబంధం, గుర్రం మీద వచ్చిన పెళ్ళికొడుకు. ఏడాది తిరక్కుండానే అతను వసీలాని, ఆమె బట్టల సంచీని తల్లి గుమ్మంలో దింపి వెళ్ళిపోయాడు. కారు ఇంజను కూడా ఆపలేదని చెప్పుకున్నారు.

"రెండో పెళ్ళికి హంగామా ఎందుకే అన్నారు అందరూ" అంది ఖైరా. గొంతు తగ్గించే ప్రయత్నం చేసింది గానీ తగ్గలేదు. "నలుగురికి కుస్‌కుస్ పెట్టి, చీకటి పడ్డాక పంపించెయ్యమన్నారు. నా పిల్లేం దొంగతనం చేసిందా చాటుగా పంపడానికి? షెద్దా కట్టాల్సిందే, హాలు తియ్యాల్సిందే అన్నాను. ఇప్పుడు చూడు, అందరూ వచ్చి కూర్చున్నాక నా పరువు తీస్తోంది!"

"అమ్మా, పెళ్ళి వద్దనట్లేదు నేను. ఘౌతీ అంటే నాకు ప్రాణం. ఆ పాటతో బయటికి రాను, అంతే."

"అంతేనా? దానికింత రాద్ధాంతమా!" అంది బద్రా ఊపిరి పీల్చుకుని. "షెద్దాకి ఇంకో పాట ఉందిగా, అండలూసు బాణీది..."

"అది నేను గద్దె మీద కూర్చున్నాక వేశావు."

"సరే, అందరూ అడిగే సెతీఫ్ పాట..."

"దానికి అప్పటి ఆడపడుచులు ఆడారు. నా చెయ్యి పట్టుకుని లాగారు కూడా."

బద్రా ఇంకొకటి చెప్పింది. ఇంకొకటి. వసీలా ఒక్కోదానికీ జవాబు చెప్పింది: ఎప్పుడు మోగింది, ఎవరు పక్కన నిలబడి నవ్వారు, ఏ చరణంలో అత్తగారు నుదుటి మీద ముద్దు పెట్టింది. బద్రా దగ్గర చెప్పడానికి పాటలు అయిపోయాయి. ఎలా మిగులుతాయి? ప్రతి పెళ్ళిలోనూ అన్నీ వేస్తుంది కదా. ఇన్నేళ్ళుగా తన బలమనుకున్న పాటలన్నీ ఈ పిల్లకు విడిచిన బట్టలే. మళ్ళీ కట్టుకోమని తను బలవంతం చేస్తోంది.

ఆ మాట తట్టగానే బద్రా నోటి వెంట ఆమె అనుకోని మాట వచ్చేసింది. "నావి ఉన్నాయి. నేనే కట్టినవి. ఒక్కటి తప్ప ఏదీ ఎవరూ వినలేదు."

"వద్దు తల్లీ, వద్దు!" ఖైరా గోడ వదిలి ముందుకొచ్చింది. "వినని పాటకి వాళ్ళు లేవరు. వాళ్ళు లేవకపోతే ఏమంటారో తెలుసా? చూశారా, రెండోసారికి ఎవరికీ కాలు కూడా కదల్లేదు అంటారు. తిలిమ్సాన్ వాళ్ళు చూస్తుండగా అంటారు! నువ్వు మామూలువే వెయ్యి బద్రా. పిల్ల ఓర్చుకుంటుంది."

"ఓర్చుకోవడం అయిపోయిందమ్మా" అంది వసీలా. కేక వెయ్యలేదు. "ఆ ఇంట్లో ఓర్చుకున్నా. తర్వాత మన వీధిలో ఓర్చుకున్నా. ఇది నా పెళ్ళి."

బద్రా ఇద్దర్నీ చూసింది. ఖైరా చెప్పింది అక్షరాలా నిజమని ఆమెకు తెలుసు. ఆ హాలు బద్రాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. లేవరు. కూర్చుంటారు. కూర్చుని లెక్కపెడతారు. పైగా సీ కద్దూర్ మాటంటే మాటే, వచ్చే శుక్రవారం నుంచి సూసూ వచ్చి తన కుర్చీలో కూర్చుంటుంది. అయినా ఈ పిల్లను ఆ పాటతో ఎలా నడిపిస్తుంది?

"నేను తలుపు కొట్టిస్తాను. కొట్టగానే రా" అని చెప్పి వెళ్ళిపోయింది.

బద్రా ఇంతవరకూ బయటపెట్టని పాట ఒకటి ఎంచి నొక్కింది. ముందు వట్టి చప్పట్లు మోగాయి. రెండు దగ్గర దగ్గరగా, ఒకటి కాస్త దూరంగా. దాని కింద లావుపాటి బెందీర్ డప్పు. దాని మీద నాలుగు స్వరాల చిన్న వరస, మాటల్లేకుండా, బద్రా గొంతులోనే కూనిరాగం. పెద్ద స్పీకర్లలో తన గొంతు వినపడగానే బద్రా మిషను వెనక్కి ఒదిగింది.

తలుపు తెరుచుకుంది. వసీలా తల ఎత్తి నడిచి వచ్చింది. పెట్టాలి కాబట్టి కూతలు పెట్టారు, అవీ సన్నగా. ఆమె గద్దె ఎక్కి కూర్చుంది. నేల ఖాళీగా ఉండిపోయింది.

"ఇది ఏ ఊరి పాటే?" అంది ఒక బల్ల.

"ఏ ఊరిదీ కాదు, మిషను చెడింది" అంది ఇంకో బల్ల.

ఖైరా పినతల్లి కూతురు యమీనా ఉంది, ఆవిడ గొంతుకు మైకు అక్కర్లేదు. "బద్రా! నీ పెట్టెకి జ్వరం గానీ తగిలిందా?" అని అరిచింది. ఒరాన్ వైపు బల్లలు ఘొల్లుమన్నాయి.

"దీనికి కాలు ఎక్కడ వెయ్యాలమ్మా?"

"నీ నెత్తిన వేసుకో!"

ఫోను మోగింది. బద్రాకు చూడకుండానే తెలుసు ఎవరో.

"కరెంటు పోయిందా?" అన్నాడు సీ కద్దూర్.

"లేదు."

"మరి నా ట్యూబులైటు ఏంటి ఫొటోకి కూర్చున్నట్టుంది?"

"కొత్త పాట వేశాను సీ కద్దూర్."

"నా కొంప ముంచుతావా? తీసెయ్. ఇప్పుడే తీసెయ్. సూసూ నెంబరు నా చేతిలోనే ఉంది."

బద్రా ఫోను పెట్టేసి బల్ల కింద పడేసింది. అప్పటికి యమీనా చప్పట్లు మొదలెట్టింది. పాత షెద్దా పాట పెట్టమని, ఆ పాట పల్లవే పాడుతూ. పక్క బల్ల కలిసింది, ఆ పక్కది కలిసింది. సరదాగానే అడుగుతున్నారు, పాపం. ఆ సరదా గద్దె మీది పిల్లను ఏం చేస్తోందో వాళ్ళకు పట్టలేదు. బద్రా వేలు తనకు తెలియకుండానే పాత పాట మీదికి వెళ్ళింది. ఒక్క నొక్కు నొక్కితే హాలంతా లేస్తుంది. శుక్రవారాలు దక్కుతాయి. ఖైరా పరువు దక్కుతుంది.

తలెత్తి గద్దె వైపు చూసింది. ముత్యాల బరువుకు వసీలా మెడ తిప్పలేకపోయింది. కళ్ళు మాత్రం తిప్పి బద్రాను చూసింది. ఆ చూపులో కోపం లేదు. నువ్వు కూడానా అన్నట్టుంది. బద్రా వేలు వెనక్కి తీసుకుంది. ఒళ్ళు మండి, తన పాట చప్పుడు ఇంకాస్త పెంచింది.

వసీలా బట్ట మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఈ సందులో కాఫీలు, మిఠాయిలు వస్తాయి. ఖైరా పరుగున బద్రా దగ్గరికొచ్చింది. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్క సందులో అయినా వాళ్ళకి తెలిసింది వెయ్యి. అటు హాజ్జా సెత్తీని చూడు, కాఫీ కూడా ముట్టట్లేదు!"

"ఖాల్తీ, నా పిన్నివి కదూ, బ్లూజా వచ్చేదాకా ఆగు. అప్పటికీ ఎవరూ లేవకపోతే నన్ను జుట్టు పట్టుకుని బయటికి గెంటు."

బద్రాకు ధైర్యం ఎక్కడిదంటే, ఏళ్ళ తరబడి జనానికి నచ్చిన పాటలే వేసి వేసి, పాట జనానికి ఎలా నచ్చుతుందో ఆమెకు వంటబట్టింది. పుట్టినప్పుడు ఏ పాటా తెలిసిన పాట కాదు. మొదటిసారి చెవి బెదురుతుంది. రెండోసారి బెదరదు. మూడోసారి కాలు అడుగుతుంది. పోయిన వేసవి తను చేసిన తప్పేమిటంటే, ఒక్కసారి వినిపించి, వాళ్ళు కూర్చోగానే భయపడి తీసేసింది. ఇవాళ తీసెయ్యదు. అయితే మీద పడి వినిపించనూ వినిపించదు.

చప్పుడు బాగా తగ్గించింది. డప్పు తీసేసింది. ఆ నాలుగు స్వరాలూ, ఆ చప్పట్లూ మాత్రం, మాటల మధ్య వినీ వినపడనట్టు తిరగనిచ్చింది. పాట ఆగిపోయిందనుకున్న ఆడవాళ్ళు హమ్మయ్య అని కబుర్లలో పడ్డారు. కాఫీలు వచ్చాయి. చెంచాలు కదిలాయి. కూతుళ్ళ గురించి, కోడళ్ళ గురించి, గ్యాసు సిలిండర్ల గురించి మాట్లాడుకున్నారు. బద్రా బల్లల వంకే చూస్తోంది. తిలిమ్సాన్ వైపు ఒక ముసలావిడ చెంచాతో కప్పు అంచు మీద కొడుతోంది: రెండు దగ్గరగా, ఒకటి దూరంగా. ఇవతల ఒక పిల్లతల్లి ఒళ్ళో బిడ్డను అదే తాళానికి ఊపుతోంది. యమీనా అయితే నోటి నిండా మక్రూట్ పెట్టుకుని, బద్రాను తిడుతూ తిడుతూనే, తిట్టుకీ తిట్టుకీ మధ్య ఆ నాలుగు స్వరాలూ ముక్కుతో లాగుతోంది. బద్రా నవ్వు ఆపుకోవడానికి కింద పడ్డ ఫోను వెతుకుతున్నట్టు వంగింది.

అలంకరణ గది తలుపు లోపల్నుంచి కొట్టారు. బద్రా డప్పు తిరిగి ఎక్కించింది.

వసీలా నీలం బ్లూజాలో వచ్చింది. గద్దె వైపు వెళ్ళలేదు. సరాసరి ఖాళీ నేల మధ్యకు నడిచింది. హాలు ముక్కున వేలేసుకుంది. పెళ్ళికూతురు కూర్చోవాలి, పదిమంది లేచి ఆడాలి, ఆమె చెయ్యి పట్టి బతిమాలి దింపాలి. ఎక్కడైనా అదే పద్ధతి. ఈ పిల్ల ఎవరూ పిలవకుండా, ఎవరూ లేవకుండా, తానే నిలబడి పాట వింది.  తర్వాత ఆ దూరంగా పడే మూడో చప్పట కోసం ఆగి, అది పడగానే మడమ నేలకు వేసింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ వేసింది. భుజాలు కదిలాయి. పూసలు జలజలలాడాయి. పాట మారుతున్న చోట చిన్నగా నవ్వింది. ఆమెకూ ఆ పాట కొత్తే, తర్వాత ఏమొస్తుందో ఆమెకూ తెలియదు. తెలియకుండా ఆడుతోంది. బాగా ఆడుతోంది.

కానీ ఒక్కతే ఆడుతోంది. ఒకటి రెండు బల్లల దగ్గర నోళ్ళకు చేతులు అడ్డుపెట్టుకున్నారు. ఖైరా కళ్ళు మూసుకుంది. బద్రాకు ఆ క్షణంలో తన మీద తనకే భయం వేసింది. ఈ పిల్లను ఇంతమంది ముందు ఒంటరిగా నిలబెట్టింది తనే.

హాజ్జా సెత్తీ లేచింది.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు హాలంతా వింది. ఆవిడ వసీలా వైపు వెళ్ళలేదు. గౌను అంచులు చేత్తో పట్టుకుని, తొందరపడకుండా, డీజే బల్ల దగ్గరికి వచ్చింది. పాత పాట పెట్టించడానికే వస్తోందని అందరూ అనుకున్నారు. బద్రా కూడా అనుకుంది.

"ఈ పాట ఎవరిది బెంతీ, చెప్పు తల్లీ?" అంది హాజ్జా సెత్తీ.

"నాదే హాజ్జా. నేనే కట్టాను."

"ఇంతకు ముందు ఎవరి పెళ్ళిలో వేశావు?"

"ఎవరి పెళ్ళిలోనూ వెయ్యలేదు."

"నిజం చెప్పు. ఒరాన్‌లో గానీ, తిలిమ్సాన్‌లో గానీ, ఎవరి కోడలైనా దీనికి ఆడిందా?"

"ఎవరూ ఆడలేదు హాజ్జా. మొదట ఆడుతున్నది మీ కోడలే."

హాజ్జా సెత్తీ చెయ్యి చాచింది. బద్రాకు అర్థం కాలేదు. ఆవిడ విసుగ్గా వేళ్ళు ఆడించింది. మైకు కావాలట. బద్రా ఇచ్చింది. పాట చప్పుడు కాస్త తగ్గించింది.

"వింటున్నారా?" అంది హాజ్జా సెత్తీ. తలలన్నీ ఇటు తిరిగాయి. "నా కొడుకు పెళ్ళిలో నా కోడలికి అందరి పెళ్ళిళ్ళలో అరిగిన పాట పెడతారేమోనని పొద్దున్నించీ నా మనసు మనసులో లేదు. అందుకే కాఫీ ముట్టలేదు. ఇదిగో, ఈ పాట నా కోడలిది. ఇంతవరకూ ఏ ఇంటి కోడలూ దీని మీద కాలు పెట్టలేదు. రెండో కాలు నాది. ఇక మీ ఇష్టం, కూర్చుంటే కూర్చోండి!"

మైకు బల్ల మీద పడేసి వెళ్ళి వసీలా ఎదురుగా నిలబడింది. చేతులు రెండూ పైకెత్తింది. ఆ నిటారు నడుం ఎక్కడ దాచుకుందో అంత ఆట! మూడో చప్పటకు ఆవిడ మడమ పడితే నేల అదిరింది. వసీలా అత్తగారి ముఖంలోకి చూసి పెద్దగా నవ్వేసింది. ఏళ్ళ తర్వాత నవ్వినట్టు నవ్వింది.

పెద్దావిడ లేచాక తిలిమ్సాన్ వాళ్ళు కూర్చుంటారా? బల్లలకు బల్లలే లేచాయి. ఇవతల ఒరాన్ వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. యమీనా ఒంటికాలి మీద లేచింది.

"ఏమే, చూస్తారేం? మన ఊళ్ళో, మన నేల మీద, తిలిమ్సాన్ వాళ్ళు మనకంటే ముందు ఆడేస్తుంటే కూర్చుని మిఠాయిలు నములుతారా? లేవండి!"

"ఇందాక కాలు ఎక్కడ వెయ్యాలో తెలీదన్నావుగా?"

"వాళ్ళ కాళ్ళ మీద వెయ్యి! లే!"

ఇక నేల కనపడలేదు. ఎవరికి తోచిన అడుగు వాళ్ళు వేశారు. మొదట్లో ఒకరినొకరు గుద్దుకున్నారు, తర్వాత గుద్దుకోవడం కూడా ఆటలో భాగమైపోయింది. రెండు చప్పట్లు హాలు కొట్టింది, మూడోది మడమలు కొట్టాయి. నాలుగు స్వరాల దగ్గరికి వచ్చేసరికి ఎవరో "వసీలా" అని అందుకున్నారు. మాటల్లేని చోట ఆ పేరు సరిగ్గా సరిపోయింది. రెండో చుట్టుకు, దొరసానిని పిలిచినట్టు ముందు లల్లా అని చేర్చి, వందమంది అందుకున్నారు. వసీలా, వసీలా, యా లల్లా వసీలా! బద్రా తన గొంతు తనే తగ్గించేసింది, ఇక అవసరం లేదు కాబట్టి.

బల్ల కింద ఫోను మోగి మోగి చివరకు ఆమె తీసింది.

"ఏం పాటే అది!" అరుస్తున్నాడు సీ కద్దూర్. "నా ట్యూబులైటు ఊడి టేబులు మీద పడింది! కాఫీలో సున్నం!"

"తియ్యమంటారా?"

"తీశావంటే నిన్ను తీసేస్తా!"

ఆ మధ్యాహ్నం అంతా బద్రా తన పాటలే వేసింది. అన్నీ పండాయని చెప్పను, అబద్ధం అవుతుంది. అల్జీర్స్ కోటుకు వేసిన పాట చప్పగా పోయింది. ఒక్క నిమిషంలో అది గ్రహించి, మొహమాటం లేకుండా తీసేసి ఇంకోటి వేసింది. ఆ ఇంకోటికి ఖైరా లేచింది. చెప్పులు విప్పి పక్కన పెట్టి మరీ ఆడింది. ఆడుతూ కూతురి బుగ్గ మీద ఒకటి, బద్రా బుగ్గ మీద ఒకటి ముద్దు పెట్టింది. బద్రా గర్వంతో ఉబ్బిపోయింది. అందులో దాచుకోవడానికేముంది? ఇంతకాలం పది మంది పాటలకు పది మందిని ఆడించింది. ఇవాళ తన పాటకు ఒక ఊరు కాదు, రెండు ఊళ్ళు ఆడాయి.

చెమటలు తుడుచుకుంటూ యమీనా డీజే బల్ల దగ్గరికి వచ్చింది. "బద్రా, నా బంగారం, మా పిల్ల పెళ్ళి సెప్టెంబర్లో. ఇదే పాట పెట్టాలి. ఇదే, మొదటిదే."

వెనక నుంచి హాజ్జా సెత్తీ గొంతు వినిపించింది. "నీ పిల్లకి నీ పిల్ల పాట కట్టించుకో."

"అదేంటి హాజ్జా, పాటకి కూడా కంచె కట్టేస్తారా?"

"కడతాను. ఇది మా ఇంటిది."

యమీనా బద్రా వైపు తిరిగింది. ఇందాక జ్వరం తగిలిందన్న పెట్టె వంకే చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "అయితే మా దానికి ఇంకోటి కడతావా? కొంచెం దీని కంటే బాగుండేలా?"

"కడతాను" అంది బద్రా. "మొదటిసారి వినగానే తిట్టనని మాటిస్తే."

"తిడతాను" అంది యమీనా. "తిట్టి ఆడతాను."

పొద్దు వాలింది. వసీలా తెల్ల గౌను వేసుకుని వచ్చింది. కింద పెళ్ళికొడుకు కార్లు హారన్లు కొడుతున్నాయి. ఇక పంపే వేళ. పంపేటప్పుడు ఊరంతా వేసే పాట ఒకటుంది, ఆ పాటకు తల్లి ఏడుస్తుంది, పిల్ల ఏడుస్తుంది, వాళ్ళను చూసి మిగతావాళ్ళు ఏడుస్తారు. దాని వైపు బద్రా చెయ్యి కూడా పెట్టలేదు. తన పాటల్లో మాత్రం పంపే పాటంటూ ఒకటి లేదు. వంటింట్లో కూర్చుని పాటలు కట్టినప్పుడు పిల్లను సాగనంపే సంగతి ఆమెకు తోచనే లేదు. వెతికింది, ఏదీ సరిపోలేదు. ఏదో ఒకటి వేసి చెడగొట్టడం కంటే మేలని మిషను కట్టేసింది.

హాలు ఒక్కసారిగా బోసిపోయింది. వసీలా తల్లి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.   అంతా చేసి చివరి మెట్టు మీద జారానా అనుకుంది బద్రా.

అప్పుడు ఎవరో రెండు చప్పట్లు దగ్గరగా కొట్టారు. ఎవరన్నది బద్రాకు ఇప్పటికీ తెలియదు. మూడోది హాలంతా కొట్టింది. మిషను లేదు, డప్పు లేదు. తిలిమ్సాన్ వాళ్ళు ముందు, ఒరాన్ వాళ్ళు వెనక, మెట్ల మీద ఇరుక్కుంటూ, గౌను అంచులు ఎత్తి పట్టుకుని, ఆ నాలుగు స్వరాలూ ఎత్తుకుని కిందికి దిగారు. వసీలా, వసీలా, యా లల్లా వసీలా. ఇందాక ఆమెకిది ఎన్నో పెళ్ళి అని వేళ్ళు మడిచిన ఆడవాళ్ళే గొంతులు బొంగురుపోయేలా ఆమె పేరు పాడారు. సీ కద్దూర్ ఆఫీసు గుమ్మంలో గోడవైపు తిరిగి మర్యాదగా నిలబడి, చెప్పుతో తాళం వేశాడు. కారు దగ్గర ఘౌతీ ఇది ఏ పాటో తెలియక బిత్తరపోయి చూస్తుంటే, వసీలా అతని చెయ్యి పట్టుకుని మూడో చప్పట ఎక్కడ పడుతుందో చూపించింది. ఇద్దరూ నవ్వుతూ కారెక్కారు.

కార్లు బీచి రోడ్డెక్కాక ఖైరా మెట్ల దగ్గరికి తిరిగి వచ్చింది. బద్రా అక్కడే కూర్చుని ఉంది, చుట్టిన వైర్లు ఒళ్ళో పెట్టుకుని. ఖైరా వచ్చి పక్కన చతికిలబడింది. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. కళ్ళ కాటుక గడ్డం దాకా కారింది.

"బద్రా" అంది.

"చెప్పు ఖాల్తీ."

"ఇవాళ నా కూతురి పెళ్ళి చేశాను."

"చేశావు ఖాల్తీ" అంది బద్రా. దూరంగా రోడ్డు మీద కార్ల హారన్లు రెండు దగ్గరగా, ఒకటి దూరంగా మోగుతూ వెళ్ళడం ఇద్దరూ కూర్చుని విన్నారు.